ప్రభువు బల్లకు కాలాన్ని బట్టి గుడ్డలు: క్రిస్మస్‌కు ఎరుపు వేయవచ్చా?

మధురవాడ స్త్రీల సమాజం అడిగిన ప్రశ్న

అందరికీ వందనాలు. మాది విశాఖలో మధురవాడ వైపు ఒక చిన్న సి.ఎస్.ఐ. (దక్షిణ ఇండియా సంఘం) సంఘం. గుడి కట్టిన నాటి నుంచి ప్రభువు బల్ల (రొట్టె, పాత్ర ఉంచే బల్ల) మీద ఏడాది పొడుగునా ఒకటే తెల్లగుడ్డ. కొత్తగా వచ్చిన పాస్టరు అయ్యగారు ఈ అడ్వెంట్ (క్రిస్మస్‌కు ముందు వచ్చే నాలుగు ఆదివారాల కాలం) నుంచి కాలాన్ని బట్టి రంగులు మారుద్దామన్నారు. కమిటీ ఒప్పుకుంది. పని స్త్రీల సమాజానికి అప్పజెప్పారు. గుడ్డ కొనడం, కుట్టించడం నా వంతుకు వచ్చింది.

సంఘంలో ఒక కుటుంబం వాళ్ల నాన్నగారి జ్ఞాపకార్థం ఎర్ర వెల్వెట్ గుడ్డ, చుట్టూ బంగారు లేసుతో, ఇస్తామంటున్నారు. దాన్ని క్రిస్మస్ రోజున బల్ల మీద చూసుకోవాలని వాళ్ల కోరిక. డిసెంబరు వస్తే జగదాంబ జంక్షన్ దగ్గర ఏ షాపు చూసినా ఎరుపే, వాళ్లు అలా అనుకోవడంలో తప్పేమీ లేదు. అయ్యగారేమో క్రిస్మస్‌కు తెలుపు అంటున్నారు. వాళ్ల మనసు నొప్పించకుండా ఎలా చెప్పాలో తెలియక టెన్షన్‌గా ఉంది. అసలు ఎరుపు ఎప్పుడు వేస్తారు?

ఇంకొకటి. అడ్వెంట్‌కు ఊదా, ఈస్టర్‌కు ముందు వచ్చే శ్రమకాలానికీ ఊదాయేనట. ఒకటేమో పుట్టబోయే బిడ్డ కోసం ఎదురుచూడటం, ఇంకొకటి సిలువ దాకా నడవడం. రెంటికీ ఒకే రంగు ఎందుకు?

డబ్బు సంగతి కూడా చూసుకోవాలి. అన్నీ ఒకేసారి కుట్టించలేం. ముందు ఏవి? ఎలాంటి గుడ్డ తీసుకుంటే మన్నుతుంది? మాకు సముద్రపు గాలి బాగా తగులుతుంది. "ఇవన్నీ ఆర్.సి.ఎం. (రోమన్ కాథలిక్) వాళ్ల పద్ధతులు, మనకెందుకమ్మా" అని అడిగే పెద్దలూ ఉన్నారు. వాళ్లకు ఏం చెప్పాలో కూడా తెలిసినవాళ్లు చెప్పండి.

గాజువాక సహోదరుడు

వందనాలు సిస్టర్. మాది స్వతంత్ర సంఘం. మా బల్ల మీద తెల్లగుడ్డ తప్ప ఇంకేమీ ఉండదు. ఆదివారం అక్కచెల్లెళ్లు కూడా ఎక్కువమంది తెల్లచీరలే కట్టుకొస్తారు.

వాదన పెంచాలని రాయడం లేదు, మీ పెద్దల ప్రశ్న నాకూ ఉంది. ప్రత్యక్ష గుడారానికి నీల ధూమ్ర రక్తవర్ణాలు, సన్నపు నార తెమ్మని దేవుడే మోషేతో చెప్పాడు, నిర్గమకాండం 25లో ఉంది. కాబట్టి దేవుని మందిరంలో రంగు తప్పని నేను అనను. కానీ ఫలానా ఆదివారం ఫలానా రంగు అని అపొస్తలులు ఎక్కడా రాయలేదు. దినాలు, మాసాలు, ఉత్సవకాలాలు పట్టుకుంటున్నారని గలతీయుల గురించి పౌలు ఎంత బాధపడ్డాడో 4వ అధ్యాయంలో చూడండి. రంగు మారలేదని ఒక ఆదివారం ఎవరైనా గుడిలో గొడవ పడితే అప్పుడు ఆ గుడ్డ ఆరాధనకు అడ్డం అయినట్టే. నా భయం అదొక్కటే.

గుంటూరు నుంచి సీతమ్మధారకు

గాజువాక బ్రదర్ భయం న్యాయమైనదే. అయితే అదే పౌలు రోమా 14లో ఒకడు ఒక దినాన్ని ఎక్కువగా ఎంచుతాడు, మరొకడు అన్ని దినాలనూ సమానంగా ఎంచుతాడు, ఎవరి మనసులో వాళ్లు రూఢి చేసుకోవాలి అన్నాడు. దినాన్ని పాటించేవాడు ప్రభువు కోసమే పాటిస్తున్నాడనీ అన్నాడు. లూథర్ కూడా పూజావస్త్రాలు ఉంచినా, తీసేసినా రక్షణకు సంబంధం లేదన్నాడు. అందుకే మా లూథరన్‌లు చాలామంది వాటిని అట్టే పెట్టుకున్నారు. జెనీవా, జూరిక్ వైపు సంస్కర్తలు మొత్తం తీసేశారు.

ఇక "ఆర్.సి.ఎం. పద్ధతి" అనే మాట. మొదటి శతాబ్దాల సంఘంలో కాలానికో రంగు లేదు. పడమటి దేశాల్లో మెల్లగా ఊరికో ఆచారంగా పెరిగింది. 1198లో పోపు అయిన మూడవ ఇన్నోసెంట్, ఆ పదవికి రాకముందే, రోము నగరంలో తెలుపు, ఎరుపు, నలుపు, ఆకుపచ్చ ఎప్పుడెప్పుడు వాడుతున్నారో రాసిపెట్టాడు. ఊదాను ఆయన నలుపుతో కలిపి లెక్కవేశాడు. 1570లో ఐదవ పయస్ పోపు మిస్సల్ (పూజ పుస్తకం) వచ్చాక ఐదు రంగులు స్థిరపడ్డాయి. అయితే అంతకు ముందే, 16వ శతాబ్దం మొదట్లో ప్రొటెస్టెంట్ సంస్కరణ మొదలయ్యే నాటికి, రంగుల వాడుక పడమటి క్రైస్తవులందరి ఉమ్మడి ఆస్తి. ఒకరు ఉంచుకున్నారు, ఒకరు వదిలేశారు, అంతే.

మన విశాఖలో ఈ ప్రశ్న ఎందుకు గట్టిగా వినిపిస్తుందో కూడా చెప్పాలి. తెలుగు ప్రాంతంలో ప్రొటెస్టెంట్ మిషను పని మొదలైందే ఇక్కడ, 1805లో. లండన్ మిషనరీ సొసైటీ తరఫున క్రాన్, డెగ్రాంజ్ అనే ఇద్దరు వచ్చారు. వాళ్లది వస్త్రాలూ రంగులూ లేని సాదా ఆరాధన. తరువాత ఉత్తరాంధ్ర అంతా కెనడా బాప్టిస్టులు పని చేశారు, వాళ్లదీ అదే పద్ధతి. మా గుంటూరుకు 1842లో హెయర్ దొరగారు లూథరన్ క్రమం తెచ్చారు, అందుకని అక్కడ పుట్టిన నాకు ఇది చిన్నప్పటి నుంచి అలవాటు. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో సి.ఎస్.ఐ. ఏర్పడినప్పుడు రంగులు వాడే ఆంగ్లికన్‌లూ, వాడని కాంగ్రిగేషనల్ వాళ్లూ (లండన్ మిషను వైపు వాళ్లు) ఒకే సంఘం అయ్యారు. కాబట్టి సిస్టర్, మీ పెద్దలూ మీ అయ్యగారూ ఇద్దరూ మీ సంఘపు పూర్వికుల మాటే చెబుతున్నారు. ఆ సంగతి కమిటీలో ఒకసారి చదివి వినిపించండి, వాతావరణం మారుతుంది.

అడ్వెంట్‌కు ఊదా బదులు నీలం కూడా కొందరు వాడతారు. అమెరికా లూథరన్‌ల 1978 ఆరాధన పుస్తకం నీలానికే మొదటి స్థానం ఇచ్చింది. శ్రమకాలంతో కలిసిపోకూడదని వాళ్ల ఉద్దేశం. మాకు అక్టోబరు 31 సంస్కరణ దినానికి ఎరుపు.

జ్ఞానాపురం కుట్టుపని

అమ్మా, నేను జ్ఞానాపురంలో పూజావస్త్రాలు కుడతాను. మా మామగారి కాలం నుంచి ఇంట్లో ఇదే పని. ఫాదర్లు వేసుకునేవి, మెడలో స్టోళ్లు, బలిపీఠం ముందు వేలాడదీసేవి, బైబిలు స్టాండు మీద గుడ్డలు, అన్నీ. ఈమధ్య మీలాంటి సంఘాల నుంచి కూడా వస్తున్నారు. మేము ఆర్.సి.ఎం. వాళ్లమే, నాకు తెలిసింది మా వాడుక. మీ అయ్యగారిది కొద్దిగా తేడా ఉంటే ఆయన మాటే వినండి.

ముందు ఎరుపు. ఎరుపు రక్తానికి, అగ్నికి. మాకు మ్రానికొమ్మల ఆదివారం, గుడ్ ఫ్రైడే, పెంతెకోస్తు, అపొస్తలుల పండుగలు, వేదసాక్షుల పండుగలు ఎరుపు. మన దేశానికి సువార్త తెచ్చాడని చెప్పుకునే తోమా పండుగ జూలై 3, ఆ రోజూ ఎరుపే. గుడ్ ఫ్రైడేకి పూర్వం నలుపు ఉండేది, రెండో వాటికన్ మహాసభ తరువాత 1970లో వచ్చిన మిస్సల్‌తో ఎరుపు అయింది. నల్ల శాటిన్ మీద వెండి జరీతో సిలువ కుట్టేవాళ్లమని మా అత్తగారు చెప్పేవారు. ఇప్పుడు నలుపు కుట్టమని అడిగేవాళ్లు దాదాపు లేరు.

క్రిస్మస్‌కు తెలుపు, లేదా బంగారు రంగు. గొర్రెల కాపరుల చుట్టూ ప్రకాశించిన ప్రభువు మహిమ, సమాధి దగ్గర దూత తెల్లని వస్త్రం, బాప్తిస్మం తీసుకున్నవాళ్ల తెల్లబట్టలు, ప్రకటన 7లో సింహాసనం ముందు నిలబడిన జనం తెల్ల అంగీలు, వీటన్నిటినీ ఒక్క తెల్లగుడ్డ గుర్తు చేస్తుంది. అందుకే క్రిస్మస్‌కీ ఈస్టర్‌కీ ఒకే రంగు పెట్టారు. అయితే ఒక మాట చెప్పనా? క్రిస్మస్ మరునాడే, డిసెంబరు 26న, రాళ్లతో కొట్టించుకున్న స్తెఫను పండుగ. ఎరుపు. 27న యోహాను, మళ్లీ తెలుపు. 28న హేరోదు చంపించిన బేత్లెహేము పసిపిల్లలు, ఎరుపు. పశువుల తొట్టె ఇంకా అలాగే ఉండగానే దాని పక్కన ఎర్రగుడ్డ పరుస్తాం. ఆ వారం అంతా కుట్టేటప్పుడు నాకు చేతులు ఆగిపోతుంటాయి. పుట్టిన బిడ్డ ఎందుకు పుట్టాడో ఆ రెండు రోజులు చెప్పేస్తాయి. షాపుల్లో కనిపించే ఎరుపుకూ దీనికీ సంబంధం లేదు.

ఆ కుటుంబానికి ఇలా చెప్పి చూడండి. నాన్నగారి పేరున ఎరుపే ఇవ్వాలనుకుంటే పెంతెకోస్తుకు ఇవ్వమనండి, అది సంఘం పుట్టినరోజు, అగ్నిజిహ్వలు దిగిన రోజు, దానికి మించిన గౌరవం లేదు. లేదంటే ఆకుపచ్చ ఇవ్వమనండి. పండుగ కాలాలు పోగా మిగిలిన మామూలు ఆదివారాలన్నిటికీ అదే రంగు. మా క్యాలెండరులో ఆ సామాన్యకాలం ఏడాదికి 33 లేదా 34 వారాలు ఉంటుంది. ఎర్రగుడ్డ ఏడాదికి కొద్దిసార్లే బయటికి వస్తుంది. ఆకుపచ్చ మీద నాన్నగారి జ్ఞాపకం వాన కాలమంతా, ఎండాకాలం కొంత, వారం వారం కళ్ల ముందు ఉంటుంది. చాలామంది దాతలు తెలుపు, ఎరుపు ఇవ్వడానికి ముందుకొస్తారు, ఆకుపచ్చ ఎవరికీ గుర్తురాదు, అందుకే గుళ్లలో ముందుగా చిరిగిపోయేదీ వెలిసిపోయేదీ అదే.

ఊదా సంగతి. ఆ రోజుల్లో ఊదా అద్దకం సముద్రపు నత్తల నుంచి తీసేవారు. కొద్ది రంగుకి వేల నత్తలు కావాలి, కాబట్టి రాజులకూ ధనవంతులకే దక్కేది. అపొస్తలుల కార్యాలు 16లో లూదియ అమ్మింది ఆ ఊదారంగు సరుకే. సైనికులు యేసు ప్రభువును ఎగతాళి చేస్తూ తొడిగింది కూడా ఊదారంగు వస్త్రమేనని మార్కు రాశాడు. అడ్వెంట్‌లో మనం ఎదురుచూసేది రాజు కోసం. శ్రమకాలంలో మనం వెంట నడిచేది ఆ రాజు వెంటే, తలమీద ముళ్లకిరీటంతో. రెండూ మనసు సిద్ధం చేసుకునే కాలాలు. మా పూజలో రెండు కాలాల్లోనూ ఆదివారం "మహోన్నత స్థలములలో దేవునికి మహిమ" పాడం. "అల్లెలూయ" మాత్రం అడ్వెంట్‌లో పాడతాం, తపస్సుకాలంలో (మీరు శ్రమకాలం అనేదే) పూర్తిగా ఆపేస్తాం. తేడా అక్కడ తెలుస్తుంది. కొందరు అడ్వెంట్‌కు నీలం కలిసిన ఊదా, శ్రమకాలానికి ఎరుపు కలిసిన ఊదా తీసుకుంటారు. మీకు ఇప్పుడే రెండెందుకు, ఒకటి చాలు. అడ్వెంట్ మూడో ఆదివారం, తపస్సుకాలం నాలుగో ఆదివారం గులాబీ రంగు వేయవచ్చు గానీ అది ఉన్న గుళ్లు తక్కువ.

మా అత్తగారికి చదువు రాదు. క్యాలెండరు చూడటం కూడా వచ్చేది కాదు. తపస్సుకాలం మొదలయ్యే విభూది బుధవారం గుడిలోకి అడుగుపెట్టి బలిపీఠం మీద ఊదా చూస్తే ఆ రోజు నుంచి ఇంట్లో మాంసం ఉండేది కాదు, పొరుగింటివాళ్లతో మాట పట్టింపులు ఏమైనా ఉంటే ఈస్టర్ లోపు వెళ్లి మాట్లాడి వచ్చేవారు. డిసెంబరులో ఊదా చూస్తే చిన్నపిల్లలకు కొత్తబట్టల గుడ్డ నా చేతిలో పెట్టేవారు. ఫాదర్ ఏ ప్రసంగం చెప్పినా ఆవిడకు కాలం చెప్పింది ఆ గుడ్డే. ఆవిడలాంటివాళ్లు మీ సంఘంలోనూ ఉంటారమ్మా. బడికి ఇంకా వెళ్లని పిల్లలు, కళ్లు మసకబారి బైబిలు చదవలేని పెద్దవాళ్లు. రంగులు వాళ్ల కోసం మార్చండి.

అందుకే ఒక్కటి గట్టిగా అడుగుతున్నాను. డిసెంబరు మొదటి వారం నుంచే సెమీ క్రిస్మస్ కార్యక్రమాలు మొదలవుతాయి, స్టార్లు కడతారు, కేకు కోస్తారు. చేసుకోండి. కానీ బల్ల మీద ఊదా మాత్రం 24 సాయంత్రం దాకా తీయకండి. ముందే తెలుపు పరిచేస్తే ఎదురుచూడటం అనేదే పిల్లలకు తెలియకుండా పోతుంది. మాకు కూడా మధ్యలో తెలుపు వస్తుంది, డిసెంబరు 8 మరియమాత పండుగకు రాస్‌హిల్ కొండ మీది మరియమాత గుడికి ఎక్కితే ఆ రోజు ఊదా కనిపించదు. మరునాడు మళ్లీ ఊదాయే.

కొనే వరుస: తెలుపు మీకు ఉంది. ఇప్పుడు ఊదా కుట్టించండి, ఒక్క గుడ్డ అడ్వెంట్‌కీ శ్రమకాలానికీ పనికొస్తుంది. తరువాత ఆకుపచ్చ. ఎరుపు పెంతెకోస్తు లోపు.

గుడ్డ సంగతి జాగ్రత్తగా వినండి. వెల్వెట్ మన ఊరికి వద్దు. ఉక్కపోతకు తేమ పట్టి బూజు వాసన వస్తుంది, మడత పడిన చోట తెల్లగా గీత పడి పోదు. మెరిసే పల్చటి శాటిన్ బల్ల మీద నిలవదు, జారుతుంది. కొంచెం మందంగా ఉన్న సిల్కు కాటన్ గానీ రా సిల్కు గానీ తీసుకుని లోపల కాటన్ లైనింగ్ వేయించండి. చవక జరీ సముద్రపు గాలికి నల్లబడుతుంది, లేసు బదులు దారంతో ఎంబ్రాయిడరీ చేయించుకోండి. ఆకుపచ్చ కిటికీ ఎండకు వెలిసిపోతుంది, ఎండ నేరుగా పడకుండా చూడండి. ఊదా రంగు దిగుతుంది, కుట్టకముందే నీళ్లలో నానబెట్టి చూడాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చింది కదా, ఆదివారం, సామాన్యకాలం, బలిపీఠం మీద ఆకుపచ్చ ఉంది, మిగతా రంగులు బీరువాలో. బాగుచేసి ఇమ్మని నా దగ్గరకు తెచ్చిన, తడిసిన ఒక బీరువా గుడ్డల్లో ఊదా మొత్తం తెల్లవాటి మీదకు దిగిపోయింది. ఏం చేసినా పోలేదు. అప్పటి నుంచి నేను ఎవరికి కుట్టి ఇచ్చినా ఒక్కో రంగుకు వేరే కాటన్ సంచి కుట్టి ఇస్తున్నాను. కలరా ఉండలు గుడ్డకు తగలకుండా మూట కట్టి పెట్టండి.

రంగు గుడ్డ ఏదైనా, బల్ల పైన తెల్లగుడ్డ మాత్రం ఎప్పుడూ ఉండాలి, మా నియమం అది. రొట్టె, పాత్ర ఉండేది దాని మీదే. దానికి పొందూరు ఖద్దరు కన్నా మంచిది నేను చూడలేదు. ఉతికే కొద్దీ మెత్తబడుతుంది.

మధురవాడ స్త్రీల సమాజం

అమ్మా, మీరు రాసింది మొత్తం మా అయ్యగారికి చదివి వినిపించాను. ఆయనే మీ ఫోను నంబరు దొరుకుతుందా అని అడిగారు. ఆ కుటుంబంతో నిన్న సాయంత్రం మాట్లాడాం. ఆకుపచ్చ ఇస్తామన్నారు. వాళ్ల నాన్నగారు ప్రతి ఆదివారం గుడి తలుపు తీసేవారట, మామూలు ఆదివారాల గుడ్డ ఆయన పేరున ఉండటమే సరైనదని వాళ్లమ్మగారే అన్నారు.

గుంటూరు బ్రదర్‌గారూ, 1805 సంగతి మా పెద్దల్లో ఒకాయనకు తెలుసు. ఆయనే ఇప్పుడు ఒప్పుకుని మిగతావాళ్లకు చెబుతున్నారు.

ఒకటి మిగిలింది. భూస్థాపన ఆరాధన గుడిలో జరిగినప్పుడు ఏ రంగు? కొందరు నలుపు అంటున్నారు, కొందరు ఆ రోజు ఏ కాలమైతే ఆ గుడ్డ అలాగే ఉంచమంటున్నారు.

జ్ఞానాపురం కుట్టుపని

మాకు ఊదా. ఆచారం ఉన్న చోట నలుపు వాడవచ్చు. కొన్ని దేశాల్లో బిషపుల సభ అడిగితే తెలుపుకు కూడా అనుమతి ఇచ్చారు, పునరుత్థాన నిరీక్షణ కోసం. స్థానిక అలవాటును బట్టి రంగుల్లో మార్పు కోరే వీలు బిషపుల సభలకు ఉంది. మన దేశంలో 1969లో అలాగే పన్నెండు మార్పులకు అనుమతి వచ్చింది, వాటిలో పూజావస్త్రాల బదులు సాదా అంగీ మీద అంగవస్త్రం వేసుకోవడం ఒకటి.

మీ ఇంటి చుట్టుపక్కల దుఃఖంలో తెల్లబట్టలు కట్టుకునేవాళ్లే ఎక్కువ. మీ గుడిలో ఈస్టర్ గుడ్డ అదే రంగులో భూస్థాపనకు కూడా పరిస్తే, చూడవచ్చిన హిందూ బంధువులకు అది దుఃఖం, మీకు అది నిరీక్షణ. రెండూ అబద్ధం కావు. మీ అయ్యగారు ఒప్పుకుంటే నేనైతే తెలుపే అంటాను. నలుపు కొత్తగా కుట్టించకండి, ఆ డబ్బు ఎరుపుకు పెట్టండి.

గాజువాక సహోదరుడు

జ్ఞానాపురం సిస్టర్, మీ అత్తగారి సంగతి చదివాక మా ఇంట్లో చదివి వినిపించాను. మా సంఘంలో రంగులు రావు, కానీ శ్రమదినాల్లో వెళ్లి మాట్లాడి రావలసిన పొరుగువాళ్లు నాకూ ఉన్నారు.

జ్ఞానాపురం కుట్టుపని

మంచిది బాబూ, తప్పకుండా వెళ్లండి.

మధురవాడ అమ్మా, అడ్వెంట్ మొదటి ఆదివారం నవంబరు 30కి దగ్గరగా వచ్చే ఆదివారం, కాబట్టి నవంబరు నడిమికల్లా గుడ్డ నా చేతికి రావాలి. బల్ల పైభాగం పొడవు, వెడల్పు, నేల నుంచి ఎత్తు వేరు వేరుగా కొలిచి తీసుకురండి. ముందు వైపు మాత్రమే వేలాడాలా, మూడు వైపులా దిగాలా అయ్యగారిని అడగండి. బైబిలు స్టాండుకూ అదే గుడ్డలో కావాలంటే ఇంకో మీటరు ఎక్కువ కొనండి, తరువాత వెళితే అదే ఛాయ దొరకదు. పన్నా (గుడ్డ వెడల్పు) ఎంతో షాపులోనే అడిగి రాసుకోండి.